బోర్లించని చెంబు

తాండూరులో రాతికోత యంత్రాలు మూగవోయి ఇరవై దినాలైంది. ఏడాది పొడుగునా గాలిలో తేలాడే తెల్లని రాతిపొడి నేలకు దిగింది. కాలనీలోని వేపచెట్లు తమ అసలు పచ్చదనాన్ని ఎన్నో ఏళ్లకు మొదటిసారి చూపాయి. అంటురోగం కట్టడికని వీధికి అడ్డంగా కట్టిన వెదురుగడకు ఈవల మూడిళ్లున్నాయి, చివరిది శ్యామలది. రాతికోత మిల్లులో పనిచేసే ఆమె భర్తను జ్వరం వచ్చిందని వికారాబాదు దవాఖానకు తీసుకుపోయి నాలుగు రోజులు. ఇంట మిగిలినవారు ముగ్గురు: శ్యామల, పన్నెండేళ్ల కూతురు జ్యోతిరాణి, అత్త బీరమ్మ.

ఆరోగ్య కార్యకర్త ఫోనులో చెప్పిన మాటలను శ్యామల మంత్రోపదేశంలా స్వీకరించింది. గడప దాటవద్దు, ఒళ్లు కదిలించండి, మనసును దిగులుకు అప్పగించవద్దు అన్నదట ఆమె. పాత క్యాలెండరు వెనుక శ్యామల దినచర్య రాసి గోడకు అంటించింది. తెల్లవారగానే ఆసనాలు, పిమ్మట డాబా మీద తాడాట, పగలు అష్టాచెమ్మ, సందెవేళ పాటలు. బీరమ్మ దానిని ఎగాదిగా చూసి, "చదువనీకైతే రాదుగని, చూస్తేనే ఆయాసమొస్తున్నది" అన్నది. అయినా మరునాటి ఉదయం అందరికంటె ముందు చేతులు చాచి నిలబడ్డది ఆమెయే.

అష్టాచెమ్మ గళ్లు వసారా నేలమీదే ఉన్నాయి. ఇల్లు కట్టిన ఏడాదే నీలిరంగు నాపరాతిపై భర్తే స్వయంగా ఉలితో చెక్కాడు. వరుసకు ఐదు గళ్లు, నాలుగు వైపులా నాలుగు ఇళ్లు. ఆడేవారు ముగ్గురే కనుక తూర్పు ఇల్లు, అతడు గోడకానుకొని కూర్చునే చోటు, ఖాళీ.

బీరమ్మ రాగిచెంబు తెచ్చి ఆ గడిపై బోర్లించింది. తమ దౌల్తాబాదు వైపు ఖాళీ ఇంటిని ఇట్లా మూసిన తరువాతనే గవ్వలు ముట్టుకుంటారనీ, తెరచి ఉంచితే ఎవరైనా వచ్చి కూర్చుంటారనీ చెప్పింది. శ్యామల చెంబు మీద చెయ్యి వేసింది.

"బతికున్న మనిషి ఇంటిమీద చెంబు బోర్లిస్తరా అత్తా?"

చెంబు తీసి పక్కన పెట్టింది. నాలుగు రాతిపలుకులను భర్త కాయలుగా పేర్చి, ఆ ఉత్తగోడ వైపు చూస్తూ మెల్లగా పలికింది. "గీ జాగ నీదే. వచ్చి కూసో."

పెండ్లయిన పదునాలుగేండ్లలో ఆమె భర్త పేరు నోట పలికి ఎరుగదు. ఆనాడు సైతం పలకలేదు.

అతని వంతు గవ్వలు జ్యోతి వేసింది. అష్ట పడ్డది. మళ్లీ అష్ట. ముగ్గురూ నవ్వారు. జ్వరం తగ్గుముఖం పట్టిందని ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. ఆట అతనికి ఆయువు పోస్తున్నదని శ్యామల నమ్మింది. అందుచేత ఒక్కనాడూ ఆట మానలేదు.

వారం గడిచేసరికి ఆమె మనసుకు ఒకటి తోచింది. భర్త ఏనాడూ కూతురి కాయను చంపడు. చంపే పందెం పడినా వేరే కాయ జరిపి, నా బిడ్డ కాయను నేనెట్ల చంపుత అని మీసం దువ్వేవాడు. ఇప్పుడు తూర్పు ఇంటి కాయలు జ్యోతి కాయలనే వెదకి వేటాడుతున్నాయి. మూడు కావలసిన చోట మూడు. రెండు కావలసిన చోట రెండు. ఆ పిల్ల తన కాయను తానే చంపుకొని, బిత్తరపోయి అరచేతిని చూసుకొనేది.

"వేరేది జరుపు బిడ్డా," అన్నది శ్యామల.

"జరుపుదామనే అనుకున్న అమ్మా... చెయ్యే గట్ల పోయింది."

మిట్టమధ్యాహ్నం. వీధిలో పిట్ట సైతం పలకడం లేదు. శ్యామల నీళ్లకని లేస్తూ, వంగి ఆ ఖాళీ చోట చెయ్యి ఆన్చింది. నీడన ఉన్న రాయి, చల్లగా ఉండవలసినది. వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే లేచిపోయిన చోటులా. కాదు. ఇంకా లేవని చోటులా. భర్త ఒంటినుండి వచ్చేది పొడిరాతి వాసన. అక్కడ కమ్ముకొన్నది తడిసిన బూడిద వాసన.

అతడు పోయాడనే అనుకున్నది. లోనికి పరుగెత్తి ఫోను చేసింది. రెండో మోతకే ఎత్తాడు. రాతిపొడి మేసి బొంగురుపోయిన ఆ గొంతు ఎప్పటిలాగే ఉంది. రేపు ఇంటికి పంపుతున్నారన్నాడు. పచ్చిపులుసు చేసి పెట్టమన్నాడు. అవ్వ ఇంకా కసరత్తు చేస్తున్నదా అని నవ్వాడు.

సంతోషించవలసిన ఘడియ. అతడు బ్రతికే ఉన్నాడు.

మరి ఇక్కడ ఉన్నది...?

ఆమె వసారాలోకి వచ్చేసరికి బీరమ్మ తూర్పు గడిపై చెంబు బోర్లిస్తున్నది. చెంబు రాతిని తాకలేదు. జానెడు ఎత్తున మెత్తగా దేనికో ఆని ఆగింది. ముసలామె రెండు చేతులతో అదిమింది. దిగలేదు. చెంబును రొమ్ముకు హత్తుకొని వెనక్కు జరిగింది.

"శ్యామలా," గుసగుసలాడింది, "ఆనాడు నా కొడుకు పేరు పెట్టి పిలిచినవా?"

శ్యామల తల అడ్డంగా ఊపింది.

"ఉత్తగనే రమ్మన్నవా?"

ఎవరూ ముట్టని గవ్వలు గోడవారన ఒక్కసారి గలగలమన్నాయి.

కొడుకు గడప తొక్కకముందే పేరు పెట్టి పిలవాలనీ, రమ్మన్న నోరే పిలవాలనీ, ఆ పేరుకు ముందుగా పలికినవానికే చోటు దక్కుతుందనీ బీరమ్మ కోడలికి పదేపదే చెప్పింది. తప్పితే ఇంట్లో అతనికి చోటుండదు.

మరునాడు ప్రొద్దు వాలుతుండగా బండి అతనిని వెదురుగడ వద్ద దించి వెళ్లింది. మనిషి సగమయ్యాడు. భుజాన సంచి. ఎదురింటి కిటికీ రెక్క మూసుకొన్నది. జ్యోతి తండ్రికి ఎదురుపోలేదు. కదలక కూర్చుని తూర్పు గోడనే చూస్తున్నది. అతడు గడప ముందు ఆగి, మాస్కు దించి, భార్యను చూసి నవ్వాడు.

శ్యామల గడప దాకా వచ్చి ఆగింది.

"పిలువు బిడ్డా," బీరమ్మ గొణిగింది.

"కిష్టప్పా..." పదునాలుగేండ్ల మౌనం పగిలి ఆ పేరు బయటపడ్డది. "కిష్టప్పా, లోపలికి రా."

"ఈడనే ఉన్న కదనే."

భర్త గొంతే. రాతిపొడి మేసిన ఆ బొంగురే. తూర్పు గోడ దగ్గరనుండి వచ్చింది.

గడప అవతలి మనిషి ముఖాన నవ్వు ఆరిపోయింది. ఒక్క క్షణం అట్లే నిలబడ్డాడు. పిదప, ఆమె పిలిచినది మరెవరినో అయినట్టు, మెల్లగా వెనుదిరిగి ఖాళీ వీధివైపు చూశాడు.