తూకం లేని మాట

కనకవల్లి పంపిన విన్నపాన్ని పూచీవేదిక మళ్ళీ తిప్పి పంపింది.

"'ఆనాడు మీరన్న మాట నేను మరిచిపోకపోయినా' అన్న భాగం తీసివేయండి" అని గాలితెర మీద అక్షరాలు వెలిగాయి. "సిఫారసు అడిగేవారు పాత గాయాలు గుర్తు చేయరాదు. కాదనడానికి ఎదుటివారికి సులువైన దారి ఉంచాలి."

ఆవిడ లేచి దేవుడి ముందు దీపం ఒత్తి ఎగదోసి, మళ్ళీ తెర ముందు కూర్చుంది.

"పోనీ, నీ గురించి నేను చెప్పనా?" అన్నాడు భర్త శేషగిరి కాఫీ అందిస్తూ.

"మీ మాటకి తూకం సున్నా అండీ. మీ అమ్మగారు ఉంటే పనికొచ్చేవారు. ఆవిడకి నేనంటే అస్సలు పడేది కాదు."

అప్పటికి సినిమా యూనిట్లలో ఎవరికి పని కావాలన్నా పూచీవేదికే దిక్కు. వెనకటికి తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళనే ఇరికించి ఎన్నో సినిమాలు ముంచారట. అందుకని మాటతూకం కనిపెట్టారు. సిఫారసు చేసేవారి గొంతులోనూ నాడిలోనూ అవతలి మనిషి మీద ఎంత అభిమానముందో అది కొలిచి, ఆ మేరకు మాట విలువ తగ్గిస్తుంది. స్నేహితుల మాట పొట్టులా తేలిపోతుంది. పడనివాళ్ళ మాట ఇనుపగుండులా దిగుతుంది. మోసాలు తగ్గిన మాట నిజమే. కానీ అభిమానమున్న కంటికి నిజం కనబడదని ఎవరు తేల్చారో కనకవల్లికి అర్థమయ్యేది కాదు. దేవుడి గురించి మనకు చెప్పింది భక్తులే కదా?

ఆవిడ శబ్దగ్రాహకురాలు; షూటింగులో మైకు పట్టి శబ్దాలు రికార్డు చేస్తుంది. మిగతా సినిమాలన్నిటికీ గొంతులు యంత్రాలే అల్లేస్తున్నాయి. భీమిలి తీరాన తీయబోయే ఒక్క సినిమాకి మాత్రం అసలు మనుషుల గొంతు, అసలు అలల హోరు కావాలట. ఈ పని దొరక్కపోతే ఆవిడ మైకు ఇక పెట్టెలోంచి బయటికి రాదు.

ఆవిడ పనిని దగ్గర నుంచి చూసి, ఆవిడంటే పడనివాడు ఒక్కడే. కెమెరామన్ అప్పలస్వామి. ఒకప్పుడు చావు సీను తీస్తుండగా, ముసలి నటి ఊపిరి చప్పుడు కోసం ఆవిడ మైకు బాగా కిందికి దించింది. అది ఫ్రేములోకి వచ్చిందని అతను షాటు ఆపేశాడు. "నీ సెవుల కోసం నా కళ్ళు పొడుసుకోమంటావేటి?" అని యూనిట్టంతా వినేలా అరిచాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఈసారి కనకవల్లి అతనికి పని ఏదో, చోటు ఎక్కడో మాత్రమే రాసి, 'వీలుకాకపోతే జవాబు అక్కర్లేదు' అని ముగించింది. వేదిక ఒప్పుకుంది.

మధ్యాహ్నానికి అతని సిఫారసు వచ్చింది. కళ్ళారా చూసిన గుణం ఒకటి, లోపం ఒకటి చెప్పడం అక్కడి మర్యాద. "ఆమె సెవికి దొరకని ఊపిరి లేదు. కానీ మహా మొండి. ఫ్రేమంటే లెక్కలేదు." మాటతూకం ముల్లు చివరికంటా వెళ్ళి ఆగింది. సాయంత్రానికి దర్శకురాలు హైమావతి కనకవల్లిని ఖాయం చేసుకుంది.

సిఫారసు అడుగున అప్పలస్వామి ఒక ముక్క కలిపాడు: 'థాంక్స్ చెప్పొద్దు.'

"పొగరు చూశారా!" అంది కనకవల్లి.

"పొగరైతేనేం, మేలు చేశాడు. పలకరించడం ధర్మం" అన్నాడు శేషగిరి.

ఆవిడ అతనికి కాల్ కలిపింది. తెర మీద ఆవిడ కనపడగానే అప్పలస్వామి తల కొట్టుకున్నాడు.

"సెప్పొద్దన్నాను కదమ్మా!"

"అన్నం పెట్టినవాళ్ళకి దండం పెట్టకుండా ఎలా ఉంటానండీ?"

"ఆ దండమే నా కొంప ముంచింది. ఆ సినిమాకి కెమెరామన్ ఇంకా కుదర్లేదు. నాకూ పన్లేక శానా కాలమైంది. రేపు నా గురించి నువ్వు సెబుతావని ఆశపడ్డాను. నన్ను తిట్టుకుంటూ ఉండుంటే నీ మాట బండరాయిలాగుండును."

తెర పక్కన ఆవిడ మాటని తూచే ముల్లు జారిపోతోంది. ఇద్దరూ చూస్తుండగానే సున్నా దగ్గర ఆగింది.

"ఉండండి, ఇప్పుడే తిడతాను" అంది కనకవల్లి కంగారుగా. "మీ లైట్ల వేడికి ఆ ముసలావిడ నిజంగానే పోయేదండీ!"

"నువ్వు మైకు ఊపుతుంటే గాలిపటం ఎగరేస్తున్నావనుకున్నాను!"

"మీ కెమెరా కంటే మా ఇంటి తలుపు కన్నం నయం!"

శేషగిరి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ముల్లు మాత్రం కదలలేదు.

"లాభం లేదమ్మా" అన్నాడు అప్పలస్వామి. "ఆనాడు షాటు ఆగిపోనాది గానీ నీ శబ్దం ఉండిపోనాది. నువ్వంటే పడకపోయినా, ఎడిటింగోళ్ళని అడిగి దాన్ని తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఇంటుంటాను."

కనకవల్లి ముల్లు మీంచి చూపు తిప్పుకుంది. "రేపు పొద్దున్నే తయారై ఉండండి" అంది.

మర్నాడు దీపం పెట్టుకుని ఆవిడ నేరుగా హైమావతి ఆఫీసుకి వెళ్ళింది. పని అడగడానికి మనుషులు రావడం మానేసి చాలా కాలమైంది. వచ్చినవాళ్ళకి వేయడానికి అక్కడ కుర్చీ కూడా లేదు.

హైమావతి తెర చూసి మొహమాటంగా అంది. "అప్పలస్వామిగారి విషయంలో మీ మాటకి తూకం సున్నా చూపిస్తోందండీ."

"అవునమ్మా. అందుకే మాట పంపలేదు."

కనకవల్లి తలుపు బార్లా తెరిచింది. లెన్సుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న అతను గబుక్కున లేచాడు.

"మనిషినే తీసుకొచ్చాను" అంది.