ఒక దెబ్బకి ఎడమ

పవర్ స్టీరింగ్‌లోంచి గాలి తీయడానికి మా షెడ్డులో ఇద్దరం కావాలి. లేపిన బానెట్ కింద నేను నూనె డబ్బాలో బుడగలు చూస్తుంటాను, మా బావమరిది లోపల కూర్చుని స్టీరింగ్ తిప్పుతాడు. పక్క షెడ్డు కంప్రెసర్ మోతలో మాట వినపడదు కాబట్టి స్పానర్‌తో మడ్‌గార్డ్ మీద కొడతాను. ఒక దెబ్బకి ఎడమ చివరికి, రెండు దెబ్బలకి కుడి చివరికి. వాణ్ణి నత్త అంటాను. తొందరన్నది వాళ్ల వంశంలోనే లేదు, మా ఆవిడతో సహా.

ఆ మధ్యాహ్నం జాకీలమీద ఉన్న బండి మా అమ్మాయి కోసం కొన్నది, నర్సు డ్యూటీకి వెళ్లి రావడానికి. కాలవలోంచి తీసిన బండి. నడిపినవాడు అందులోనే పోయాడు. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు. చెబితే ఎక్కదని నా భయం.

ఇరవైసార్లు తిప్పితే బుడగలు ఆగాలి. ఆగలేదు. నూనె అడుగునుంచి ఒక్కొక్కటే వస్తోంది... కాస్త ఆగి, ఇంకొకటి... నీళ్లలో మునిగినవాడు ఊపిరి వదిలినట్టు. వాసన కూడా నూనెది కాదు. నాచు వాసన.

రెండు దెబ్బలు కొట్టాను. చక్రాలు కుడికి రాలేదు. మళ్లీ కొట్టాను. ఎడమకే ఇంకా బిగుసుకున్నాయి. నిద్రపోతున్నావట్రా అని కసిరాను.

కంప్రెసర్ ఆగింది.

“ఎవర్ని తిడుతున్నావ్ బావా?”

గొంతు నా వెనకనుంచి వచ్చింది. నత్త గేటు దగ్గర రెండు టీ గ్లాసులతో నిలబడ్డాడు. వాడు వెళ్లి పావుగంటయిందట. చెప్పే వెళ్లాడట. మోతలో నాకు వినపడలేదు.

బానెట్ పక్కనుంచి తొంగిచూశాను. డ్రైవర్ సీటు ఖాళీ. స్టీరింగ్ మాత్రం నెమ్మదిగా... కుడికి తిరుగుతోంది.

ఆ తర్వాత ఒక్క బుడగ రాలేదు. బండి దించి వీధి చివరిదాకా నేనే నడిపి చూశాను. ఏ లోపమూ లేదు. ఇంతలో అమ్మాయి డ్యూటీకి టైమైందంటూ వచ్చి తాళాలు అడిగింది. చెప్పేద్దామనుకున్నాను. ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటుందని సిగ్గేసింది. ఇచ్చేశాను.

పది నిమిషాలకి ఫోన్ చేసింది.

“నాన్నా, స్టీరింగ్ భలే తేలిగ్గా ఉంది. కానీ మడ్‌గార్డ్ మీద ఎవరో కొడుతున్నట్టుంది.”

“ఎన్నిసార్లు?”

“ఒక్కసారే... ఇదిగో, మళ్లీ.”

“బండి ఆపు తల్లీ. కాలవ ఏ పక్కనుంది?”

“ఎడమ పక్క. ఎందుకు నాన్నా?”

నత్త నా మోచెయ్యి పట్టుకుని నేలవైపు చూపించాడు. పళ్లెంలో, ఆ బండిలోంచి తీసిన పాత నూనెలో, ఒక బుడగ లేచింది.

కాస్త ఆగి... ఇంకొకటి.