గారు లేని ఏజెంట్

"బియ్యం తడిశాయా?" అని అడిగింది గోడ.

"తడవలేదండి. ఊక మాత్రం ఎగిరిపోయింది."

గోడ పక్కకి జరిగింది. ఏజెంట్ అచ్చిబాబు లోపలికి అడుగుపెట్టి, పెట్టుడు మీసం సర్దుకున్నాడు. మండపేటలో ఆ రైస్ మిల్లుకి రోజూ ధాన్యం లారీలు వస్తుంటాయి, పోతుంటాయి. తూకం గది వెనక దేశరక్షణ శాఖ ఒకటి రహస్యంగా నడుస్తోందని మిల్లు ఓనరుకి కూడా తెలియదు.

లోపల బల్ల వెనక చీఫ్ శ్యామలాంబ కూర్చుని ఉంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. చూశామని చెప్పినవాళ్ళని శాఖ నమ్మలేదు.

"రండి కిరణ్ గారూ, కూర్చోండి," అందావిడ.

అచ్చిబాబు వెనక్కి తిరిగి చూశాడు. తన వెనకే ఏజెంట్ కిరణ్ కుమార్ వస్తున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, భుజాన ల్యాప్‌టాప్ సంచి, ముఖాన చిరునవ్వు.

"నువ్వూ రావయ్యా అచ్చిబాబూ. ఆ తలుపు దగ్గరికి వెయ్యి."

అచ్చిబాబుకి కడుపు భగ్గుమంది. ఇద్దరిదీ ఒకటే ర్యాంకు. సర్వీసులో తనే పెద్ద. సాధువుగా, సోడాలవాడిగా, పెళ్ళిళ్ళలో వంటవాడిగా వేషాలు కట్టి ఎన్ని ముఠాలని పట్టిచ్చాడు! నిన్నగాక మొన్న హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చినవాడు కిరణ్ గారట. తను అచ్చిబాబట.

"కోబాల్ట్," అంది చీఫ్. "విదేశీ ముఠా. టార్గెట్, చినగరువు హెడ్ స్లూయిస్. గోదావరి గట్టు మీద, కాలువకి నీళ్ళొదిలే అయిదు తలుపులు. ఈ ఏడాదే కంప్యూటర్‌కి అప్పగించారు. ఎగువ నుంచి వరద దిగుతోంది. ఇప్పుడు ఆ తలుపులు తెరుచుకుంటే?"

"కాలువ గట్టు తెగుతుందండి. కింద ఆరు ఊళ్ళు," అన్నాడు అచ్చిబాబు.

"ఆ ఆరు ఊళ్ళూ వాళ్ళకి శాంపిల్. ముంచి చూపించి, మన ఆనకట్టలన్నిటి గుట్టూ బయటివాళ్ళకి అమ్ముకుంటారు. ముహూర్తం ఈ సాయంత్రం ఆరింటికి. ఈ కబురు పంపింది కోబాల్ట్‌లో ఉన్న మన మనిషి, హెలెన్. ఆమె రాజమండ్రిలో మీతో కలుస్తుంది. కిరణ్ గారూ, ఆ కంప్యూటర్ సంగతేంటో కాస్త చెప్పండి."

కిరణ్ గొంతు సవరించుకున్నాడు. "డాక్యుమెంట్ డేటాబేస్ అండి. డెల్టాలో ఉన్న ఒక్కో తలుపుకీ ఒక్కో డాక్యుమెంట్. నంబరు, ఆపరేటర్ పేరు, ఆర్డర్ అందులో ఉంటాయి. షెల్ అని నల్లటి స్క్రీన్ వస్తుంది. మౌస్ పనికిరాదు, కమాండ్ కొట్టాల్సిందే. ఫైండ్ అంటే వెతుకుతుంది. అప్‌డేట్ అంటే మారుస్తుంది. గంట కొట్టినప్పుడల్లా ఏ మోటారుకా మోటారు తన డాక్యుమెంట్ చదువుకుంటుంది. ఆర్డర్ ఓపెన్ అని ఉంటే తలుపు లేపుతుంది, క్లోజ్ అని ఉంటే దించుతుంది."

చీఫ్ ముచ్చటగా తల ఊపింది. ఆ తల ఊపు చూసి అచ్చిబాబు పళ్ళు నూరుకున్నాడు. ఆ షెల్ తనకీ వచ్చు. మండపేట నెట్ సెంటర్‌లో దొంగపేరుతో కూర్చుని, కళ్ళు మంటలెత్తేదాకా నేర్చుకున్నాడు. దేశం కోసం అనుకునేరు! కిరణ్‌కి ఒక్కడికే తెలిసిన విద్య భూమ్మీద ఉండకూడదని నేర్చుకున్నాడు.

"కిరణ్ గారికి డేటా కార్డు, ఈ పెన్ను. నొక్కితే కారం చిమ్ముతుంది," అంది చీఫ్.

"నాకండి?"

"నీకు మీసం ఉందిగా. జంగారెడ్డిగూడెం జీడిపప్పు వ్యాపారివి. కిరణ్ గారికి కాపలా."

ఇద్దరూ ఇరుకు నడవలో బయటికొస్తుండగా ఆ పెన్ను కిరణ్ జేబులోంచి అచ్చిబాబు జేబులోకి మారింది. అది వాడి దగ్గర ఉండటం చూడలేకపోయాడు, అంతే.

శాఖవారి జీపు తోస్తేగాని కదలదు. తోసిందెవరో వేరే చెప్పాలా!

రాజమండ్రిలో హెలెన్ ఎదురైంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న హ్యాండ్‌బ్యాగ్. రోడ్డు మీద స్కూటర్లు నెమ్మదించాయి.

"మీరేనాండీ కిరణ్ కుమార్ గారు? ఫోన్లో గొంతు విని పెద్దవాళ్ళనుకున్నానండీ." ఆమె అచ్చిబాబు వైపు చూసింది. "ఇతనెవరు?"

"మా అచ్చిబాబు," అన్నాడు కిరణ్.

"బాబూ, ఈ పెట్టె కాస్త జీపులో పెట్టు."

పెట్టె పెట్టాడు. దారంతా వెనక సీట్లో జీడిపప్పు సంచి పట్టుకుని, ముందు సీటు నవ్వులు వింటూ కూర్చున్నాడు. ఒక్కో నవ్వుకీ గుప్పెడు జీడిపప్పు నమిలాడు. చినగరువు చేరేసరికి వేషానికి ఆధారమైన సంచి సగమైంది.

స్లూయిస్ దగ్గర గోదావరి ఎర్రగా, గట్టు అంచుదాకా ఉంది. కంట్రోల్ రూమ్‌లో రామతులసి అనే కంప్యూటర్ ఆపరేటరమ్మాయి వాళ్ళకి ఎదురొచ్చింది. డెల్టాలోని తలుపులన్నిటి డాక్యుమెంట్లూ టైప్ చేసింది ఆ పిల్లే.

"రండి కిరణ్ గారూ, రండి హెలెన్ గారూ. అబ్బులు గారూ, అతిథులొచ్చారండీ!" అంటూ బయటికి కేకేసి, అచ్చిబాబుని చూసింది. "జీడిపప్పు బాబూ, నువ్వలా బల్ల మీద కూర్చో."

తలుపుల ఆపరేటర్ అబ్బులు కండువాతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్లూయిస్ కింద మొదటి ఇల్లు ఆయనదే. వాకిట్లో మనవరాలు ఆడుకోవడం కిటికీలోంచి కనిపిస్తోంది.

"ఈయనకి కూడా గారేనా?" అచ్చిబాబు ఉండబట్టలేక అడిగేశాడు.

"మా నాన్న కంటే పెద్దాయన కదా. ఉత్తి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు," అంది రామతులసి.

అంటే ఈ గదిలో గారు లేనిది తనొక్కడికే! అచ్చిబాబు మీసం కింద పెదవి కొరుక్కున్నాడు.

అయిదు గంటల బస్సుకి రామతులసి ఇంటికెళ్ళిపోయింది. కిరణ్ షెల్ తెరిచి పాస్‌వర్డ్ కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడే హెలెన్ నల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కీబోర్డు వైపు తిప్పి పెట్టింది. ఆ అద్దాల అంచున నువ్వుగింజంత లెన్సు తళుక్కుమనడం అచ్చిబాబు కంటపడింది. మామూలు కాపలావాడైతే గోదావరిని చూసేవాడు. అచ్చిబాబు పొద్దుట్నుంచీ ఆమె కిరణ్‌ని ఎలా చూస్తోందో అదే చూస్తున్నాడు.

అతను కిరణ్‌ని వసారాలోకి లాగాడు. "ఆవిడ అద్దాల్లో కెమెరా ఉంది. పాస్‌వర్డ్ పోయింది."

కిరణ్ జాలిగా నవ్వాడు. "అచ్చిబాబూ, ఆమె నాతో మాట్లాడితే నీకెందుకంత కుళ్ళు?"

అచ్చిబాబు చీఫ్‌కి ఫోన్ కొట్టాడు. అంతా విని శ్యామలాంబ నిట్టూర్చింది. "కిరణ్ గారంటే నీకు పడదని మిల్లులో ఎలకలకి కూడా తెలుసయ్యా. ఆధారం ఉంటే చెప్పు, లేదా ఊరుకో. ఎందుకైనా మంచిది, నేనూ బయల్దేరుతున్నాలే."

ఫోన్ పెట్టేశాక అచ్చిబాబుకి తన మీద తనకే అనుమానం వచ్చింది. నిజంగా లెన్సు చూశాడా? కిరణ్‌ని నవ్వులపాలు చెయ్యాలన్న కోరికే కంట్లో తళుక్కుమందా? ఈలోగా హెలెన్ "లోపల సిగ్నల్ లేదండీ" అంటూ సెల్‌తో గట్టు మీదకెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చింది. గోడ గడియారంలో పెద్దముల్లు పైకి ఎక్కుతోంది.

"ఆఖరిసారి చూసుకుందాం," అంటూ కిరణ్ తలుపు నంబరు ఇచ్చి ఫైండ్ కొట్టాడు. ఏమీ రాలేదు. రెండో నంబరుకీ రాలేదు. అతని నుదుట చెమట పట్టింది. "ఎవరో లోపలికొచ్చారు! మన అయిదింటికీ ఓపెన్ పెట్టేసి, నంబర్లన్నీ చెరిపేసి ఉంటారు. ఏ డాక్యుమెంట్ ఏ తలుపుదో తెలీదిక."

"ఆర్డర్ ఓపెన్ అని ఉన్నవి వెతకండి," అన్నాడు అబ్బులు.

వెతికాడు. షెల్ ఇరవై చూపించి, ఇంకా ఉన్నాయంది. మళ్ళీ ఇరవై. మళ్ళీ ఇరవై. వరద రోజులు కదా, సముద్రం వైపు మురుగు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

"అన్నిటికీ క్లోజ్ కొట్టెయ్," అన్నాడు అచ్చిబాబు.

"వద్దండీ బాబూ! మురుగు దిగకపోతే అవతల ఊళ్ళు మునుగుతాయండీ," అన్నాడు అబ్బులు. "కరెంటు తీసేద్దామన్నా కుదరదు. కరెంటు పోతే బరువు దిమ్మలు జారి, ఈ తలుపులు వాటంతటవే లేస్తాయండీ." ఆయన కిటికీలోంచి మనవరాలిని చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కిరణ్ కళ్ళు మెరిశాయి. "ఆపరేటర్ పేరు ఉందిగా!" ఆపరేటర్ అబ్బులు అయిన డాక్యుమెంట్లన్నిటికీ ఆర్డర్ క్లోజ్ అని అప్‌డేట్ కొట్టాడు. షెల్ కిక్కురుమనకుండా కింద లైనుకి దిగింది.

"హమ్మయ్య! అయిపోయిందండీ కిరణ్ గారూ. తప్పుంటే ఈపాటికి చెప్పేది కదా," అంది హెలెన్, అతని భుజం తట్టి. "బయట గాలి బాగుంది, పదండి." అంటూనే గడియారం వంక చూసింది.

"ఆగు. ఫైండ్ కొట్టి చూడు," అన్నాడు అచ్చిబాబు. ఆ షెల్ తీరు నెట్ సెంటర్‌లో అతన్ని ఎన్నిసార్లు ఏడిపించిందో! అప్‌డేట్ కొడితే పది మారినా అది నోరు విప్పదు, ఒక్కటి మారకపోయినా విప్పదు. చేసిందో లేదో మనమే మళ్ళీ అడగాలి.

"నీకు షెల్ గురించేం తెలుసు?" కిరణ్ ముఖం ఎర్రబడింది. "నా మీద ఏడవడం తప్ప."

"అవును, ఏడుస్తాను! పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను! లే అక్కణ్ణించి!"

కిరణ్‌ని కుర్చీతో సహా పక్కకి నెట్టి, అచ్చిబాబు కీబోర్డు మీద పడ్డాడు. ఫైండ్. ఆపరేటర్ అబ్బులు. లెక్క ఎన్ని? సున్నా.

అబ్బులు గోడకి చేరగిలబడ్డాడు. పెద్దముల్లు ఇంకో గీత ఎక్కింది.

అచ్చిబాబు స్క్రీన్ వంకే చూస్తూ ఆలోచించాడు. ఈ డాక్యుమెంట్లు ముఠా నింపినవి కావు. రామతులసి నింపింది. ఎవరికి తోచినట్టు వాళ్ళు నింపుకోవచ్చు వీటిని. ఉత్తి పేరు పెట్టి పిలవడానికి ఆ పిల్లకి నోరు రాదు. నోరు రాని పిల్లకి చెయ్యి మాత్రం వస్తుందా? పొద్దుట్నుంచీ తన కడుపు మండిస్తున్న రెండక్షరాలు అతని కళ్ళముందు నిలబడ్డాయి.

ఆపరేటర్: అబ్బులు గారు.

లెక్క: అయిదు.

కోబాల్ట్ వాళ్ళూ ఆ పేరుతో వెతికే ఉంటారు. సున్నా వచ్చుంటుంది, పనికిరాని పేరని చెరపకుండా వదిలేసి ఉంటారు.

"చేతులు తియ్," అంది హెలెన్. ఆమె గొంతులో ఇప్పుడు అండీ లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చి, అచ్చిబాబు కణతకి గురిపెట్టింది.

"హెలెన్!" కిరణ్ జేబు తడుముకున్నాడు. "నా పెన్ను..."

"నా దగ్గరుంది," అన్నాడు అచ్చిబాబు.

నొక్కాడు. గుంటూరు కారం గదంతా గుప్పుమంది. హెలెన్ కెవ్వున అరిచింది, పిస్టల్ పైకప్పు వైపు పేలింది. కిరణ్ ఏడుస్తూ, తుమ్ముతూ ఆమె చేతులు విరిచి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు ధారకడుతుండగా అచ్చిబాబు చూపు ఆనక, అలవాటు మీద వేళ్ళు కదిపాడు. అప్‌డేట్. అబ్బులు గారు. ఆర్డర్ క్లోజ్. అన్నిటికీ. ఎంటర్.

షెల్ ఏమీ అనలేదు. అచ్చిబాబు మళ్ళీ ఫైండ్ కొట్టాడు. క్లోజ్, క్లోజ్, క్లోజ్, క్లోజ్, క్లోజ్.

గడియారం ఆరు కొట్టింది. కింద అయిదు మోటార్లూ టక్కుమని ఒక్కసారి మేలుకుని, డాక్యుమెంట్లు చదువుకుని, మళ్ళీ పడుకున్నాయి.

"కదల్లేదండీ!" అబ్బులు కిటికీ ఊచలు పట్టుకుని బావురుమన్నాడు. కింద వాకిట్లో మనవరాలు తాత ఎందుకేడుస్తున్నాడో తెలియక చెయ్యి ఊపింది.

కాసేపటికి ఓ లారీ దిగి శ్యామలాంబ వచ్చింది. సంకెళ్ళేసిన హెలెన్‌ని చూసింది, కళ్ళద్దాల్లో లెన్సు చూసింది.

"ముందే కబురు చెప్పిందని లోపలికి రానిచ్చాం. అందుకే చెప్పిందన్నమాట. శభాష్ కిరణ్ గారూ!"

"నేను కాదండి," అన్నాడు కిరణ్ తల దించుకుని. "అచ్చిబాబు. షెల్‌లో కమాండ్ కొట్టింది కూడా తనే. నేనైతే ఊళ్ళు ముంచేవాణ్ణి."

చీఫ్ అచ్చిబాబు వైపు చూసింది. ఊడి వేలాడుతున్న అతని మీసాన్ని కూడా చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి జీపు ముందు సీట్లో కూర్చుంది. అచ్చిబాబు ఆ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి అతనిది అసూయ కూడా కాదు, ఉత్త దిగులు.

కిరణ్ తాళం తిప్పాడు. జీపు గురగురలాడి చచ్చిపోయింది. శ్యామలాంబ తల బయటికి పెట్టింది.

"అచ్చిబాబు గారూ, కాస్త తొయ్యండి."

అచ్చిబాబు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. గోదావరి ఉంది.

అతను రెండు చేతులూ ఆనించి తోశాడు. జీపు స్టార్టయ్యాక కూడా చాలా దూరం తోస్తూనే ఉన్నాడు.