యట్టా కూర్చున్న కన్ను

నడిమధ్యాహ్నం. కెనెమా ఊరి పక్క అడవి అంచున గాలి ఆగిపోయింది. పిట్ట కూడా అరవడం లేదు... మంత్రగాడు వాండీ గుడిసెలో ఎర్రగుడ్డ మీద పుర్రె. దాని ఎదుట బైందు. ఆమె రెండు కళ్లలోనూ తెల్లటి పొర.

ఎబోలా వచ్చి బైందు బతికింది. అక్క యట్టా బతకలేదు. తెల్లబట్టల ఆసుపత్రివాళ్లు యట్టాను సంచిలో పెట్టి పూడ్చారు, స్నానం చేయించనివ్వలేదు. స్నానం లేని శవం ఆత్మ ఊరు వదిలిపోదని అక్కడ అందరి నమ్మకం. తర్వాత బైందు కళ్లు తెల్లబడ్డాయి. యట్టా నీ కళ్లలో చేరిందని, ఈ పుర్రె ఆమెదేనని వాండీ చెప్పాడు. బైందు ఒక్కోసారి అక్క గొంతుతో కేకలు పెట్టేది. తర్వాత ఏదీ గుర్తుండేది కాదు.

బైందు కంటి ఆపరేషన్‌కు వెళ్తోందని విని వాండీ పుర్రె ఎత్తాడు.

"ఆ కంటికి ఇనుము తగిలితే యట్టా బయటికొస్తుంది. ఆ కన్ను ఎవరిని చూస్తే వాళ్లు చస్తారు. నీ కూతురితో సహా."

అయినా బైందు వెళ్లింది. కూతురు మస్సా పొయ్యిలో చెయ్యి పెట్టిన రోజు, ఏడుపు వినబడింది గానీ ఎటు పరుగెత్తాలో ఆమెకు తెలియలేదు.

ఎబోలా ఒంటిని వదిలినా కంటిలో దాక్కోవచ్చు. అందుకని డాక్టర్ ఫోడే ముందు సూదితో కంటి లోపలి నీరు తీసి పరీక్షకు పంపాడు. రోగం లేదని తేలాక ఒక కంటికి ఆపరేషన్ చేశాడు. కట్టు విప్పబోతే బైందు చెయ్యి అడ్డం పెట్టి, వాండీ మాట చెప్పింది.

"సరే, ముందు నన్నే చూడమ్మా. టీ తాగకుండా మాత్రం చావను."

చూసింది. ఆయన టీ తాగాడు. మర్నాడూ వచ్చాడు.

మళ్లీ నడిమధ్యాహ్నం... నల్లకళ్లద్దాలతో బైందు గుడిసెలోకి వచ్చింది.

"ఏం, దారి తెలిసిందా గుడ్డిదానా?" అన్నాడు వాండీ.

ఆమె పుర్రెను చూసింది. పొడుగాటి కోరలు. చింపాంజీది.

"ఇనుము తగిలింది వాండీ," అని కళ్లద్దాలు తీసింది.

వాండీ ఎర్రగుడ్డ లాక్కుని ముఖానికి చుట్టుకున్నాడు. పుర్రె దొర్లింది. అతను అరుస్తూ అడవిలోకి పరుగెత్తాడు. ఆ కన్ను చూస్తే చస్తారన్న మాట చెప్పింది అతనే. అందరికన్నా గట్టిగా నమ్మిందీ అతనే. మర్నాడు బురదలో బోర్లా పడి శవమై దొరికాడు. గుడ్డ ముఖానికే ఉంది.

బైందు ఇంటికి వెళ్లి మస్సాను చూసింది. చేతిమీది మచ్చ చూసింది. తర్వాత అద్దంలో తన కన్ను చూసుకుంది, చాలాసేపు.

అందులో యట్టా లేదు. ఎక్కడా లేదు.