దానికి ఊపిరి అందట్లేదు

పొద్దున్నే పాలు పొంగి స్టవ్వంతా పారాయి. మాడిన వాసన పక్కనున్న రేకుల షెడ్డు దాకా పోయినా ఆయన తల తిప్పి చూడలేదు. ఎందుకు చూస్తాడు? కారు బానెట్ ఎత్తి, దాని కింద నడుం వంచి, చేతులకి గ్రీజు పూసుకుని, ఫోను స్పీకర్‌లో పెట్టి లోకాన్ని మరిచిపోయి ఉన్నాడు. అవతల మాట్లాడుతున్నది పాత స్పేర్‌పార్ట్స్ దుకాణం నడిపే స్నేహితుడు. ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో లేత్ పని నేర్చుకున్నవాళ్లు.

"టర్బోనా, సూపర్‌చార్జరా? ఇంజన్‌కి ఎక్కువ గాలి తోసి బలం పెంచేందుకు రెండిట్లో ఏదో ఒకటి తేల్చరా బాబూ!" అన్నాడు స్నేహితుడు.

"తేలట్లేదురా. టర్బో ఇంజన్ వదిలే పొగ తోపుతో తిరుగుతుంది, పెట్రోలు ఆదా. కానీ ఇంజన్ వేగం అందుకున్నాక గానీ బలం రాదు. సూపర్‌చార్జర్ అలా కాదు, బెల్టుతో ఇంజన్‌కే కట్టేసి ఉంటుంది, యాక్సిలరేటర్ నొక్కగానే పలుకుతుంది. కాకపోతే ఇంజన్ బలం కొంత అదే తినేస్తుంది."

వంటింటి కిటికీ దగ్గర స్టవ్వు తుడుస్తూ ఆయన భార్య విన్నది. వినక ఏం చేస్తుంది? నెలల తరబడి ఇదే పారాయణం. కావాలంటే ఆ రెండిట్లో ఏది మేలో ఆమే చెప్పగలదు. అడిగేవాళ్లు ఉంటే కదా!

కూతురు పెళ్లయి వెళ్లాక ఆ ఇంట్లో మాటలు కూడా కూతురితోనే వెళ్లిపోయాయి. "పెట్టనా?" "పెట్టు." "తలుపేశావా?" "వేశా." అంతే సంసారం. మధ్యాహ్నాలు ఆమె గోడ గడియారంతో మాట్లాడేది. "అప్పుడే పదకొండయిందా నీకు?" అని దాన్ని కసిరేది. ఒకరోజు తన గొంతు తనకే కొత్తగా వినపడి, ఎవరో వచ్చారనుకుని గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. ఆ రోజు చాలాసేపు ఏడ్చింది.

ఆయన మాత్రం ఫోను పట్టుకుంటే చాలు, వాగుడుకాయ. కిందటి వానాకాలం నుంచీ మరీ. అప్పుడు కొండ మీదున్న ఆమె అక్క ఇంటికి ఇద్దరూ బయల్దేరితే ఇరుకు మలుపు దగ్గర కారు గుర్రుమని ఆగిపోయింది. బరువు తగ్గుతుందని ఆమె దిగి నడిచింది. నాలుగడుగులు వేసేసరికి ఆయాసంతో గుండె దడదడలాడి రోడ్డు పక్క రాయి మీద కూలబడింది. ఆయన ఒక్క చూపు చూశాడు. గబగబా బానెట్ ఎత్తి అందులో తల దూర్చాడు. పెళ్లాం కూలబడితే బానెట్ ఎత్తే మొగుడు ఇంకెవరికైనా ఉన్నాడేమో తెలీదు గానీ ఆమెకి మాత్రం ఉన్నాడు. ఆ తర్వాత ఆయాసం ఎన్నిసార్లు వచ్చినా ఆమె నోరు విప్పలేదు. విప్పితే వినే చెవులు ఏవి?

"దానికి ఊపిరి అందట్లేదురా," అంటున్నాడు ఆయన షెడ్డులో. గొంతు దిగిపోయింది. "ఎత్తు వస్తే చాలు, ఆయాసం. పైకి తెలియనివ్వదు గానీ లోపల ఏదో పాడైంది. ఒకసారి మంచి చోట చూపించాలి. నాకు నిద్ర పట్టట్లేదు."

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండింది. ఇనప డొక్కు కోసం నిద్ర మానేశాడట! లోపలికి వెళ్లి నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, నేను అక్క దగ్గరికి వెళ్తున్నా. బస్సులో."

"ఆఁ," అన్నాడు ఇంజన్‌లోకి చూస్తూనే.

"మళ్లీ ఎప్పుడొస్తానో తెలీదు. రాకపోవచ్చు కూడా."

"ఆఁ ఆఁ. ఒరేయ్, ఆ బెల్టు పొడవెంత?"

చేతిలో సంచి కింద పడేసింది. "దాన్నే కట్టుకుని ఊరేగండి! దానికి ఊపిరి అందట్లేదు, దానికి ఆయాసం, దాన్ని చూపించాలి! అది, అది, అది! ఈ ఇంట్లో నేనొకదాన్ని చచ్చానో బతికానో ఎప్పుడైనా అడిగారా?"

ఆయన చేతిలో స్పానర్ జారింది. ఆయన కన్నా ముందు ఫోను పలికింది.

"చెల్లెమ్మా, అయ్యో చెల్లెమ్మా! కారుకి గుండె డాక్టరు ఎందుకమ్మా? వీడు నన్ను డాక్టరు కోసం వాకబు చెయ్యమన్నది ఎవరికనుకున్నావు? 'అది' అంటే నువ్వేనమ్మా!"

ఆమెకి ఇన్నాళ్లూ గోడ అవతలి నుంచి విన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మొన్న 'అది సరిగా తినట్లేదు' అన్నాడు, పెట్రోలు సంగతనుకుంది. 'దానికి బరువు పడకూడదు' అన్నాడు. కారుకి అనుకుంది.

"ఆ మలుపులో ఆగకుండా ఎక్కాలని," అన్నాడు ఆయన చివరికి, గ్రీజు చేతుల్ని చూసుకుంటూ. "నువ్వు దిగి నడవకూడదని. అందుకే ఇదంతా."

"మరి ఆ రోజు బానెట్‌లో తల దూర్చారే?"

"ఏడుపొచ్చింది. నువ్వు చూస్తావని..."

కోపం పోయింది గానీ ఆమె ఊరుకోలేదు. "నా గురించి ఫోన్లో ఈ అన్నయ్యతో ఇన్ని మాటలు చెప్పారు. నాతో ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదేమండీ? నేను గడియారంతో మాట్లాడుకుంటున్నానండీ ఇంట్లో." కన్నీళ్లు బొటబొటా రాలాయి.

"ఎలా ఉందని అడిగితే, బాగాలేదంటావేమోనని భయం," అన్నాడు. "ఇంజనైతే విప్పి చూస్తాను. నిన్నేం చెయ్యను నేను?"

ఆమె షెడ్డు మెట్టు మీద కూర్చుంది. ఆయనా వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మేడ ఎక్కితే ఎలా ఉంటుందో, బట్టలు పిండితే ఎలా ఉంటుందో, ఒక్కోసారి ఊరికే కూర్చున్నా ఎందుకు భయమేస్తుందో. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా 'ఆఁ' అనలేదు.

"ఒరేయ్, నేనింకా లైన్లోనే ఉన్నాను," అంది ఫోను, మొహమాటంగా. "ఇంతకీ టర్బోనా, సూపర్‌చార్జరా?"

ఆయన ఆమె వైపు చూశాడు. "నువ్వు చెప్పు."

"నొక్కగానే పలికేది పంపించన్నయ్యా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఎప్పటికో గానీ పలకనిది ఈ ఇంట్లో ఇప్పటికే ఒకటుంది."

ఫోను పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వుతుంటేనే ఆయాసం వచ్చింది. ఆయన ఈసారి తల ఎక్కడా దూర్చలేదు. ఫోను పెట్టేసి, గ్రీజు చెయ్యి అని కూడా చూసుకోకుండా ఆమె వీపు మీద చెయ్యేసి నిమిరాడు. చీర మీద నల్లటి వేళ్ల మరకలు పడ్డాయి.

"బెల్టు, బండి తర్వాత," అన్నాడు. "లే. ముందు నిన్ను చూపిద్దాం."

ఆమె లేచింది. ఆ మరకల చీరతోనే బయల్దేరింది.