పంతొమ్మిది పేర్లు, మూడు రీడింగులు

పొద్దున తొమ్మిదింటికి ఏజెంట్ ప్రేమ్ కుమార్‌ని న్యాల్‌కల్ రోడ్డులో, ఇరవై నాలుగో కిలోమీటరు రాయి పక్కన కాల్చి చంపారు. పదింపావుకు హనుమమ్మను జహీరాబాద్ బస్టాండుకు రమ్మని కబురొచ్చింది.

కబురు రాగానే ఆమె చేసిన మొదటి పని గ్యాస్ సిలిండర్ కట్టేయడం. గేటు దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి కట్టేసిందో లేదో చూసుకుంది. ఇరవై రెండేళ్ళ సీక్రెట్ సర్వీసు. మోకాళ్ళు అరిగాయి, నిద్ర కరువైంది, ఎక్కడ ఫోన్ మోగినా గుండె జారడం మాత్రం మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

బస్టాండు గోడ పక్కన నెత్తికి తువ్వాల చుట్టుకుని ఒక ముసలాయన జామకాయలు అమ్ముతున్నాడు.

"కోహీర్ కాయలేనా?"

"కోహీర్‌వే. గింజలెక్కువ."

"పండ్లు గట్టిగున్నోళ్ళకు గింజలతోని ఏం ఫికర్?"

కోడ్ కలిసింది. ముసలాయన పేరు బస్వరాజ్. ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్, ఇప్పుడు హనుమమ్మకు చీఫ్.

"చెప్పున్రి సార్. ఎవరు పోయిన్రు?"

"ఎవరన్న పోయిన్రని నీకెట్ల తెలుసు?"

"మంచి వార్తకు నన్నెన్నడు పిలిచిన్రు?"

బస్వరాజ్ గొంతు తగ్గించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా మన అండర్‌కవర్ ఏజెంట్ల లిస్టు కొట్టేసింది. మొత్తం పంతొమ్మిది పేర్లు. సరిగ్గా పన్నెండింటికి వాళ్ళ ఉపగ్రహం నెత్తి మీదికి వస్తుంది. న్యాల్‌కల్ రోడ్డు పక్కన ఎక్కడో దాచిన ట్రాన్స్‌మిటర్ ఆ లిస్టును పైకి పంపుతుంది. సాయంత్రానికి పంతొమ్మిది శవాలు. పోలీసు జీపు కనబడితే చాలు, ముఠా యంత్రంతో సహా రాష్ట్ర సరిహద్దు దాటేస్తుంది.

"ఆ లిస్టుల స్వప్న ఉన్నదా సార్?"

బస్వరాజ్ ఒక జామకాయ తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ అదే చోట పెట్టాడు. స్వప్న హనుమమ్మ కూతురు. రెండేళ్ళుగా బీదర్‌లో ఆ ముఠా ఆఫీసులోనే దొంగపేరుతో కంప్యూటర్ ఆపరేటర్. చుట్టాలందరికీ పుణెలో ఉద్యోగమని చెప్పారు.

"పదకొండో పేరు," అన్నాడాయన చివరికి.

హనుమమ్మ ఏడవలేదు. రెండేళ్ళుగా రోజూ ఊహించుకున్న మాటే అది. ఊహల్లో అయితే ఇంతకంటే ఘోరంగా విన్నది.

బస్వరాజ్ ఒక టిఫిన్ క్యారియర్ చేతికిచ్చాడు. అడుగు డబ్బాలో ముల్లున్న డిటెక్టర్. తర్వాత కాగితం ముక్క మీద ఒక గీత గీశాడు.

"ప్రేమ్ కుమార్ చచ్చేముందు రెండు రీడింగులు అరచేతుల రాసుకున్నడు. నాలుగో కిలోమీటరు కాడ ముల్లు ఎర్ర దిక్కు పది. అంటే యంత్రం ఇంకా ముందున్నది. ఇరవై నాలుగు కాడ పచ్చ దిక్కు ముప్పై. అంటే దాటిపోయినం. ముల్లు సున్నా మీద ఏడ నిలుస్తదో, ఆడ యంత్రం."

"సగం దూరం పోయి చూస్తే?"

"సగానికి సగం పోతే నాలుగైదుసార్లు డబ్బా తెరవాలె. అన్నీ కలిపి అయిదుసార్లు దాటితే మన సిగ్నల్ వాళ్ళకు దొరుకుతది. రెండు అయిపోయినయి. నీకు మూడే." ఆయన గీత మీద పెన్ను పెట్టాడు. "రెండు కొసలూ తప్పే. కానీ ఎంత తప్పో తెలుసు. పది, ముప్పై. కలిపితే నలభై. అండ్ల పది అంటే నాలుగో వంతు. కొసల నడుమ ఇరవై కిలోమీటర్లు, దాంట్ల నాలుగో వంతు అయిదు. నాలుగుకు అయిదు కలిపితే తొమ్మిది. ఆడికి పో. ఆడ గూడ తప్పే రావచ్చు, కానీ తక్కువ తప్పు వస్తది. పాత కొస తీసేసి ఆ కొత్తదాన్ని పెట్టి మళ్ళ ఇదే లెక్క. దీన్ని ఫాల్స్ పొజిషన్ మెథడ్ అంటరు."

"నేను తొమ్మిదో తరగతిల లెక్కలు తప్పిన సార్."

"లెక్క ఫోన్‌ల నేను చేస్త. నువ్వు ముల్లు చూడు."

బస్టాండు బయట ఎర్ర కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర ఏజెంట్ మహేశ్వరి. ప్రేమ్ కుమార్ పార్ట్‌నర్. నల్ల కళ్ళద్దాలు, పట్టుకుంటే జారిపోయే చీర, కారంతా సెంటు. నాలుగు భాషల్లో అబద్ధమాడగలదని డిపార్ట్‌మెంట్‌లో పేరు. మారువేషాలు సిద్ధం: ఆమె రియల్ ఎస్టేట్ ఏజెంటు, హనుమమ్మ ప్లాటు కొనే పార్టీ. ఈ రోడ్డులో కిలోమీటరుకోసారి కారాపి చేలు చూసేవాళ్ళను ఎవరూ వింతగా చూడరు.

"భయంగా ఉందా ఆంటీ?"

"భయం లేని రోజేది బిడ్డా? జర మెల్లగ పోనియ్యి."

దారిలో పెట్రోల్ పోయించుకుని తొమ్మిదో కిలోమీటరు చేరేసరికి పదకొండుంపావు. హనుమమ్మ డబ్బా తెరిచింది. ఎర్ర దిక్కు ఏడున్నర.

స్పీకర్ పెట్టిన ఫోన్‌లో బస్వరాజ్ గబగబా లెక్క కట్టాడు. "ఏడున్నర, ముప్పై. మొత్తం ముప్పై ఏడున్నర. అయిదో వంతు. మిగిలిన పదిహేను కిలోమీటర్లల అయిదో వంతు మూడు. పన్నెండుకు పో."

పన్నెండు దగ్గర ముల్లు మళ్ళీ ఎర్ర దిక్కే. అయిదు. టైము పదకొండూ ఇరవై ఎనిమిది. మహేశ్వరి కూనిరాగం తీస్తూ గోళ్ళు చూసుకుంటోంది.

"అయిదు, ముప్పై. ఏడో వంతు," అన్నాడు బస్వరాజ్. "మిగిలిన పన్నెండు కిలోమీటర్లల ఏడో వంతు అంటే... ఒకటి పాయింట్ ఏడు. పన్నెండుకు కలిపితే పదమూడు పాయింట్ ఏడు. ఆడికి పో. ఒక్కటే రీడింగు మిగిలింది."

హనుమమ్మ ఫోన్ పెట్టలేదు. ఒక్కటే. అది తప్పితే పదకొండో పేరు పైకి పోతుంది. అప్పుడు బీదర్ నుంచి ఎవరు ఫోన్ చేస్తారు? ఏమని చెబుతారు?

"సార్, నాలుగు నుంచి తొమ్మిదికొచ్చినం, తొమ్మిది నుంచి పన్నెండుకొచ్చినం. ఈ దిక్కు కొస జరుగుతున్నది. ఆ ఇరవై నాలుగో రాయి మాత్రం జరిగిందే లేదు. దాని ముప్పై ముప్పైగనే ఉన్నది. పెద్ద గొంతుతోని మనల్ని ముందుకు పోనిస్తలేదు."

"అయితే?"

"మా ఇంట్ల పెండ్లికి ఎంతమందికి వండాలె అంటే, మా మరిది రెండొందలు అంటడు, మా ఆడపడుచు వెయ్యి అంటది. మరిది అడిగినకొద్ది జర జర పెంచుతడు. ఆమె రెండుసార్లు అడిగినా వెయ్యే. గసుంటి కదలనోళ్ళ గొంతుకు సగమే విలువియ్యాలె సార్. లేకుంటే లెక్క కుదరది. ఆ ముప్పైని పదిహేను చేసి కట్టున్రి."

అవతల పెన్ను గీసిన చప్పుడు. "అయిదు, పదిహేను. మొత్తం ఇరవై. నాలుగో వంతు. పన్నెండుల నాలుగో వంతు మూడు. పదిహేనో కిలోమీటరు." పెన్ను మూసిన చప్పుడు. "హనుమమ్మా, కొస కదలకుంటే దాన్ని సగం చేసుడు పుస్తకంల గూడ ఉన్నది. ఇరవై ఏండ్లు పాఠం చెప్పి నేనే మరిచిన. పో."

"పదిహేనుకు పోనియ్యి బిడ్డా."

మహేశ్వరి కూనిరాగం ఆగిపోయింది. "సార్ ముందు పదమూడు పాయింట్ ఏడు అన్నారు కదా. మాస్టారికంటే మీకెక్కువ తెలుసా ఆంటీ?"

కిలోమీటరు కూడా పోకముందే కారు పక్కకాగింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"ప్రేమ్ కుమార్ కూడా ఇలాగే మొండికేశాడు. అరగంట ఇక్కడే చల్లగా కూర్చుందాం. కాదంటారా..."

హనుమమ్మ తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. మహేశ్వరి ట్రిగ్గర్ నొక్కింది. క్లిక్. మళ్ళీ నొక్కింది. క్లిక్.

"పెట్రోల్ బంకుల నువ్వు బాత్రూంకు పోయినప్పుడు గుండ్లు తీసేసిన," అంది హనుమమ్మ అలసటగా. "నీ మీద అనుమానంతోని కాదు బిడ్డా. గతుకుల రోడ్డు, బ్యాగుల పిస్తోలు. పేలితే ఎట్ల?"

టిఫిన్ క్యారియర్‌తో నెత్తి మీద ఒక్కటిచ్చింది. వెంటనే భయమేసి డబ్బాను చెవి దగ్గర ఊపి చూసింది. ఏదీ పగిలిన చప్పుడు లేదు. సొమ్మసిల్లిన మహేశ్వరిని కిందికి దింపి, ఆమె చీర కొంగుతోనే తుమ్మచెట్టుకు కట్టేసింది. కళ్ళు తెరవగానే చెప్పింది: "ముండ్లుంటయి. కదలకు."

కారు నడపడం నేర్చిందే గానీ రెండో గేరు ఏనాడూ దాటలేదు. ఇవాళా దాటలేదు. పదిహేనో రాయి చేరేసరికి పదకొండూ యాభై రెండు. చివరి రీడింగు. కళ్ళు మూసుకుని డబ్బా తెరిచి, ఒక కన్నే తెరిచింది.

ముల్లు సున్నా మీద నిలబడి ఉంది.

ఎదురుగా చేనులో బోరు లారీ. పొడుగాటి స్తంభం ఆకాశంలోకి లేచి ఉంది, ఇంజను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కానీ దుమ్ము లేదు, బురద లేదు. బోరు వేస్తుంటే నీళ్ళు పడతాయో లేదోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని చుట్టూ నిలబడే ఇంటివాళ్ళు ఒక్కరూ లేరు. నలుగురు మగవాళ్ళు మాత్రం ఉన్నారు, మట్టి అంటని బూట్లతో.

పిస్టల్ ఉంది, గుండ్లు ఆమె కొంగున ఉన్నాయి. కానీ నలుగురిమీద ఒక్కతి. మొదటి గుండు తను పేల్చినా, రెండోది తనకే తగులుతుంది. తర్వాత ఆ స్తంభాన్ని ఆపేవాళ్ళుండరు. హనుమమ్మ పిస్టల్ కారులోనే వదిలేసి, కొంగు నడుముకు బిగించి చేనులోకి నడిచింది.

"ఎవడ్రా నా చేనుల బోరేసేది! అడిగేటోడు లేడనుకున్నర్రా!"

పక్క చేలో అల్లం తవ్వుతున్న ఆడవాళ్ళు గడ్డపారలు ఆపారు. రోడ్డు మీద ఆర్టీసీ బస్సు మెల్లబడి, ఆగింది. హనుమమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "నా చేను మింగుతున్నరమ్మో!"

రెండు నిమిషాల్లో నలభై మంది.

"ముసల్దాని భూమి గుంజుకుంటవా?" అంది ఒకావిడ మొదటివాడి చొక్కా పట్టుకుని.

"మేడమ్, ఏదో పొరపాటు..."

"మేడమ్ ఎవర్రా? గిదేం బోరు? బురద ఏది?"

వాళ్ళ జేబుల్లో తుపాకులున్నాయి. నలభై మంది మధ్యలో తీసే ధైర్యం మాత్రం లేదు. ఆ తోపులాటలో హనుమమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ లారీ వెనక్కి ఎక్కింది. టార్పాలిన్ కింద ఎర్ర అంకెలు: తొమ్మిది, ఎనిమిది. వైర్లు బోలెడు. ఏది ముట్టుకుంటే ఏమవుతుందో తెలియదు, కరెంటు కొట్టి పోవడం ఖాయమనిపించింది. నాలుగు, మూడు. అన్నిటికంటే లావుదాన్ని రెండు చేతులా పట్టుకుని, "స్వప్నా!" అని గుంజింది.

అంకె ఒకటి దగ్గర ఆరిపోయింది.

పది నిమిషాలకు బస్వరాజ్ ఫోన్. "సిగ్నల్ పోలె. పోలీసులొస్తున్నరు. పంతొమ్మిది మంది సేఫ్."

"పదకొండోది సార్?"

"పంతొమ్మిదిల పదకొండు లేదా హనుమమ్మా?"

"ఉన్నది సార్. అయినా విడిగ చెప్పున్రి."

"స్వప్న సేఫ్. ఆ ఆఫీసుల ఇప్పుడు మనోళ్ళున్నరు. పొద్దుగూకేవరకు ఇంటికొస్తది."

ఆమె చేనిగట్టు మీద కూలబడింది. బీదర్ నుంచి వచ్చే దారిలో టైరు పంక్చరైతే ఎలా అన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

ముఠావాళ్ళను జీపెక్కిస్తుండగా సైకిల్ మీద ఒక రైతు రొప్పుతూ వచ్చాడు. పేరు ఎంకయ్య. ఆ చేను అతనిది. ముఠావాళ్ళు అతనికి బోరు ఊరికే వేస్తామని చెప్పారు.

"ఎవరమ్మా నువ్వు? నా చేను నీదెప్పుడైంది? వచ్చే బోరును ఆపితివి గద!"

హనుమమ్మ కొంగు సర్దుకుంది. తానెవరో చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. చేను నాదని ఆమె అరిచినట్టు నలభై మంది సాక్ష్యం చెప్పారు.

ఆ రోజు మిషన్ గురించి ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా ఒక్క ముక్క లేదు, స్థానిక పోలీస్ స్టేషన్‌లో తప్ప. అక్కడ స్పష్టంగా రాసి ఉంది: హనుమమ్మ, వయసు యాభై మూడు, నేరం భూకబ్జా ప్రయత్నం.