గ్రాఫు అడుగున ఒక వాక్యం

పొద్దున్నే ఆమె కంప్యూటర్ తెరిచేసరికి పిల్లల బరువుల గ్రాఫు మళ్ళీ వంకాయ రంగులోకి మారిపోయి ఉంది. అంకెలు చీమల బారులా ఉన్నాయి. ఆసుపత్రి పరిశోధన గదిలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. ఒంటిగంట దాకా ఆమెది, ఆ తర్వాత ఇంకెవరిదో. ఆ ఇంకెవరినో కడిగి పారేయాలని ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళకుండా కూర్చుంది.

"డిఫాల్ట్ సెట్టింగులు మారుస్తున్నది మీరేనా?"

"రోజూ వాటిని తిరిగి మార్చేస్తున్నది మీరేనా?" అన్నాడతను, అప్పుడే లోపలికొచ్చి సంచీ దించుతూ.

"పెద్ద డాక్టరు గారికి ఆ అంకెలు ఆనడం లేదు. అక్షింతలు నాకు పడుతున్నాయి. నా ఉద్యోగమే ఇంకా ఖాయం కాలేదు!"

"అయ్యో, అరవకండి. ఇద్దరికీ విడివిడిగా టెంప్లేట్లు చేసిపెడతాను. మీది ఎంచుకుంటే మీ రంగులు, నాది ఎంచుకుంటే నావి."

"ఇంత తేలికా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు ఒంటిగంటకే మాయమైపోతే ఎవరికి చెప్పను, కుర్చీకా?"

ఆమెకు నవ్వొచ్చింది.

గంటలో అయిపోయే ఆ పని వారం పట్టింది. గీతల మందం ఒక రోజు, చుక్కల సైజు ఒక రోజు. ఎందుకు సాగుతోందో ఇద్దరికీ తెలుసు.

ఉద్యోగం సంగతి తేలే రోజు రానే వచ్చింది. ఆమె పన్నెండు గ్రాఫులు గబగబా ప్రింట్ తీసి, పెద్ద డాక్టరు గారి ముందు పెట్టింది. ఆవిడ మొదటి కాగితం చూశారు. రెండోది చూశారు.

"'ఈ గ్రాఫు గీసినావిడ కోప్పడినా బాగుంటుంది.' అన్నిటి కిందా ఇదే ఉందేంటమ్మా? ఇది డేటానా, ఎవరిదైనా అభిప్రాయమా?"

ఆమె వంగి కాగితం అడుగున చూసింది. అంతలో తలుపు తోసుకుని అతనొచ్చాడు, వానలో నిలువునా తడిసి.

"మేడమ్, తప్పు నాది. ఆవిడ టెంప్లేట్ అడుగున అక్షరాల సైజు చూడ్డానికి ఊరికే టైపు చేశాను. చెరపకుండా డిఫాల్ట్‌గా సేవ్ చేసేశాను. పొద్దున్న లేవగానే గుర్తొచ్చింది. ఆవిడకేం తెలీదు. తీసేస్తే నన్ను తీసేయండి."

"ఎవర్నీ తీసేయను. గ్రాఫులు శుభ్రంగా ఉన్నాయి." ఆవిడ సంతకం పెట్టేశారు. "ఉద్యోగం ఖాయం. మిగతాది బయటికెళ్ళి తేల్చుకోండి."

వరండాలో ఆమె మొహం ముడుచుకుని, "ఆ వాక్యం తీసేయండి" అంది.

"టెంప్లేట్‌లోంచి తీసేస్తాను. మాట మాత్రం వెనక్కి తీసుకోను."

అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె చేతిరుమాలు తీసి ఇచ్చింది.

"ఆదివారం మా అమ్మానాన్నా ఇంట్లోనే ఉంటారు."

"ఉంటే?"

"వచ్చి అడగండి."

"ఏమని?"

"అదీ నేనే చెప్పాలా!" అని గిరుక్కున తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. "పదింటికి రండి. అప్పటికి మా నాన్న పేపరు చదవడం అయిపోతుంది. మీరు చెప్పేది చెవికెక్కుతుంది."